గొంతుకు పట్టా

పోర్కీ పిగ్‌కు మొదట గొంతిచ్చిన జో డోహర్టీకి నిజంగానే నత్తి ఉండేది. 1935లో ఆ కార్టూన్ పందిపిల్ల బడి వేదికెక్కి పద్యం అప్పజెప్పబోయి తడబడింది. ఆ తడబాటుతోనే అమెరికా జనానికి దగ్గరైంది. కానీ డోహర్టీ చేస్తున్నది నటన కాదు. మాట ఒకసారి పట్టేస్తే ఎప్పుడు విడుస్తుందో ఆయన చేతిలో లేదు. అప్పట్లో రికార్డింగ్ అంతా ఫిల్మ్ మీదే. ఆయన మాట కోసం తన్నుకులాడుతున్నంతసేపూ ఫిల్మ్ తిరిగిపోతూనే ఉండేది. ఆ ఖర్చు భరించలేక 1937లో ఆయన్ని తప్పించారు. నత్తిని కావలసిన అక్షరం దగ్గర మొదలుపెట్టి కావలసిన అక్షరం దగ్గర ఆపగల మెల్ బ్లాంక్ ఆ చోటికి వచ్చారు. ఇవాళ పోర్కీ అంటే అందరి చెవిలో మోగేది బ్లాంక్ గొంతే. తొలి గొంతిచ్చిన మనిషి పేరు ఆ కార్టూన్ల తెర మీద పడనే లేదు.

నేను హైదరాబాద్‌లో డబ్బింగ్ ఆర్టిస్టుని. సినిమాల్లో హీరోయిన్ పక్కనుండే స్నేహితురాళ్లకి, డబ్బింగ్ సీరియళ్లలో అత్తలకీ ఆడపడుచులకీ చెప్పాను గానీ, నా ఇల్లు నడిపింది మాత్రం కార్టూన్లే. ముఖ్యంగా ఏడెనిమిదేళ్ల మగపిల్లల గొంతులు. ఎవరింటికి వెళ్లినా పిల్లల్ని పిలిచి నా ముందు నిలబెట్టి, "ఏదీ, ఆ గొంతు ఒక్కసారి చెయ్యమ్మా" అంటారు. సంతోషంగా చేస్తాను. ఆ పిల్లల మొహాలు వెలిగిపోతుంటే చూడటం నాకిష్టం. అయితే ఈ పనిలోకి రావాలనుకునే అమ్మాయిలు నన్ను అడిగేది కూడా గొంతు గురించే. ఎలా మార్చాలి, ఎలా కాపాడుకోవాలి అని. అది సాధనతో వస్తుంది. సాధనతో రానిది ఒకటుంది. అది అర్థం కావాలంటే ఈ పని పుట్టినచోట, అమెరికాలో, మొదటి తరం ఎలా బతికిందో తెలియాలి.

మొదట్లో ఇదొక వృత్తి అని ఎవరూ అనుకోలేదు. 1928లో మిక్కీ మౌస్‌కు మాట కావలసి వస్తే వాల్ట్ డిస్నీ తనే చెప్పుకున్నారు, 1947 దాకా చెబుతూనే ఉన్నారు. డొనాల్డ్ డక్ గొంతు క్లారెన్స్ నాష్ ఒక పాల కంపెనీ ప్రచారం కోసం బుల్లి గుర్రాల బండిలో ఊరూరా తిరిగి పిల్లల్ని నవ్వించిన మనిషి. జంతువుల గొంతులు ఆయనకి చిన్నప్పటి నుంచీ సరదా. 1934లో బాతుగా మొదలుపెట్టి దాదాపు యాభై ఏళ్లు అదే బాతుగా ఉన్నారు. ఆ కార్టూన్లు వేరే భాషల్లోకి వెళ్లేటప్పుడు కూడా గొంతు మారకూడదని, ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్ మాటల్ని ఉచ్చారణ ప్రకారం ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని నాషే చదివారు. అర్థం తెలియని భాషలో, అర్థమయ్యీ కాని బాతు గొంతుతో, కోపాన్నీ ఏడుపునీ సరిగ్గా పలికించడం ఎంత కష్టమో మైకు ముందు నిలబడినవాళ్లకే తెలుస్తుంది. ఆయన్ని తలచుకున్నప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది.

1937లో వచ్చిన స్నో వైట్ కథ వేరు. ఏడ్రియానా కాసెలోటీ తండ్రి లాస్ ఏంజెలెస్‌లో సంగీతం మాస్టారు. పసిపిల్లలా పాడే అమ్మాయి ఎవరైనా ఉన్నారా అని స్టూడియో వాళ్లు ఆయనకి ఫోన్ చేస్తే, ఇంట్లోనే మరో ఫోన్‌లో వింటున్న కూతురు అందులోనే పాడి వినిపించింది. అలా వచ్చిన అవకాశం. రోజుకు ఇరవై డాలర్లు, మొత్తం మీద 970 డాలర్లు. సినిమా ప్రపంచమంతా ఆడింది. తెర మీద ఆమె పేరు లేదు. పాటల రికార్డులు అమ్ముడుపోతుంటే వాటాకోసం కోర్టుకెక్కింది, దక్కలేదు. స్నో వైట్ వచ్చిన రెండేళ్లకు ద విజార్డ్ ఆఫ్ ఓజ్ సినిమాలో ఒకే ఒక్క వాక్యం పలికింది, అక్కడా పేరు లేదు. డిస్నీ సంస్థ ఆమెను తమ దిగ్గజాల జాబితాలో చేర్చింది 1994లో. అప్పటికి ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు.

న్యూయార్క్‌లో ఫ్లైషర్ స్టూడియో నడిచిన తీరు మాకు బాగా దగ్గర. డిస్నీ, వార్నర్ వాళ్లు ముందు గొంతు రికార్డు చేసుకుని ఆ మాటకు తగ్గట్టు పెదాలు గీసేవాళ్లు. ఫ్లైషర్ వాళ్లు పొపాయ్ బొమ్మలు ముందే గీసేసి, ఆడుతున్న బొమ్మ చూస్తూ గొంతు చెప్పించేవాళ్లు. అంటే మేం ఇప్పుడు చేసే డబ్బింగే. 1935 నుంచి పొపాయ్ గొంతు జాక్ మెర్సర్. ఆయన ఆ స్టూడియోలోనే రెండు ముఖ్యమైన భంగిమల మధ్య వచ్చే బొమ్మలు గీసే చిన్న ఉద్యోగి. స్క్రిప్టులో ఉన్న మాట అయిపోయాక కూడా బొమ్మ ఇంకా కదులుతుంటే ఆ ఖాళీలో నోట్లో నోట్లో ఏదో గొణిగేవారు. ఆ గొణుగుడే తరవాత పొపాయ్ స్వభావమైపోయింది. పెదాలు కదలని చోట మాట దొర్లించి పాత్రకు కొత్త ప్రాణం పోయడం మా డబ్బింగ్ థియేటర్లలో ఇప్పటికీ రోజూ జరిగేదే. బొమ్మ వెనక్కి తిరిగి ఉన్నా, దూరంగా నడిచిపోతున్నా, అక్కడ ఒక చిన్న "అబ్బా", ఒక "పోనీలే" వేస్తే పిల్లాడు తెలుగు పిల్లాడైపోతాడు. అనువాదం రాసినవాళ్లు ఇవ్వని ఆ మాటలు మేమిచ్చుకున్నవే.

గొంతు ఎవరిది అన్న తగువు కూడా ఆ స్టూడియో దగ్గరే మొదలైంది. వాళ్లు గీసిన బెట్టీ బూప్ బొమ్మ తన పాటనీ తన ముద్దు పలుకులనీ కాజేసిందని గాయని హెలెన్ కేన్ 1932లో రెండున్నర లక్షల డాలర్లకు దావా వేసింది. ఆమె కన్నా ముందే బేబీ ఎస్తర్ అనే నల్లజాతి బాలగాయని అలాంటి పలుకులు వేదిక మీద పలికిందని స్టూడియో సాక్ష్యం పెట్టింది. 1934లో కేన్ ఓడిపోయింది. కేన్ ఓడింది గానీ ఎస్తర్ గెలవలేదు. సాక్ష్యంగా ఆ పిల్ల పేరు పనికొచ్చింది, ఆ పిల్లకు మాత్రం ఏమీ ముట్టలేదు. నాకు ఈ మొత్తం చరిత్రలో మనసు బాగా నొచ్చుకునే చోటు ఇదే.

ఇక మెల్ బ్లాంక్. ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో పెరిగి, రేడియోలో పనిచేసి, ఖర్చు తగ్గించుకోడానికి ఒకే కార్యక్రమంలో రకరకాల గొంతులు తనే చెప్పడం అలవాటు చేసుకున్నారు. లాస్ ఏంజెలెస్ వచ్చి వార్నర్ కార్టూన్లు తీసే స్టూడియో తలుపు తడితే, మాకు కావలసిన గొంతులన్నీ ఉన్నాయని పంపేశారు. ఆయన మానలేదు, మళ్లీ మళ్లీ వెళ్లారు. కాదంటూ వచ్చిన అధికారి చనిపోయాక ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి దగ్గర పరీక్ష దొరికింది. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. తాగి తూలే ఎద్దు గొంతు చెప్పమన్నారు, చెప్పారు. 1937లో డాఫీ డక్, 1940లో బగ్స్ బన్నీ. బగ్స్ కోసం పచ్చి క్యారెట్ కొరికి నమిలేవారు. ఆ కరకర శబ్దం మరే కూరగాయతోనూ రాలేదు. నోట్లో ముక్క ఉంటే తరవాతి డైలాగ్ రాదు గనుక పక్కనే పెట్టుకున్న గిన్నెలో ఉమ్మేసి మాట అందుకునేవారు.

ఇన్ని పాత్రలు చేశాక జీతం పెంచమని నిర్మాత లియాన్ ష్లెసింజర్‌ని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. అయితే నా పేరు తెర మీద వెయ్యండి అన్నారు బ్లాంక్. దానికి పైసా ఖర్చు లేదు కాబట్టి నిర్మాత ఒప్పుకున్నారు. 1944 నుంచి గొంతు: మెల్ బ్లాంక్ అన్న కార్డు పడటం మొదలైంది. డబ్బు బదులు దొరికిన ఆ ఒక్క వరస ఆయన జీవితాన్ని మార్చింది. ఇలాంటి గొంతులున్న మనిషి ఒకడున్నాడని రేడియో వాళ్లందరికీ తెలిసిపోయింది. జాక్ బెన్నీ కార్యక్రమంలో పాత మ్యాక్స్‌వెల్ కారు దగ్గూ ఉక్కిరిబిక్కిరీ కూడా ఆయన నోటితోనే చేశారు. 1946లో సీబీఎస్ రేడియోలో ఆయన పేరుతోనే ఒక కార్యక్రమం వచ్చింది. కార్టూన్ ఒక్కదానితో ఆయన ఇల్లు గడవలేదు. ఆ తరంలో చాలామందికి గడవలేదు. కార్టూన్ ఇచ్చిన పేరు మిగతా పనిని తెచ్చిపెట్టింది.

ఆ కార్డుకు ఇంకో వైపు ఉంది. అదే వార్నర్ కార్టూన్లలో ఎల్మర్ ఫడ్ గొంతు ఆర్థర్ క్యూ. బ్రయాన్‌ది. ఆయన 1959లో చనిపోయేదాకా ఆ పాత్ర చేశారు. ఆడగొంతులు చాలావరకు బీ బెనడెరెట్, ఆమె తరవాత జూన్ ఫోరేలవి. చాలాకాలం వీళ్లెవరి పేర్లూ పడలేదు. తెర మీద ఒక్క బ్లాంక్ పేరే ఉండటంతో ఎల్మర్ కూడా ఆయనే అనుకున్న జనం ఇప్పటికీ ఉన్నారు. నేను బ్లాంక్‌ని తప్పుపట్టను, ఆయన అడిగింది తన హక్కు. కానీ ఒక్కరికి ఇవ్వడానికి ఖర్చు లేనప్పుడు నలుగురికి ఇవ్వడానికీ లేదు కదా అని ఎవరూ అనలేదు.

1961 జనవరి 24న బ్లాంక్ కారును సన్‌సెట్ బులవార్డ్ మలుపులో ఇంకో కారు గుద్దింది. రోజుల తరబడి స్పృహ రాలేదు. ఎవరు పిలిచినా పలకని మనిషి, ఒక డాక్టరు "బగ్స్ బన్నీ, ఎలా ఉన్నావు?" అని అడిగితే బగ్స్ గొంతుతో జవాబిచ్చారు. అప్పటికి ఆయన ద ఫ్లింట్‌స్టోన్స్‌లో బార్నీ గొంతు. కొన్ని ఎపిసోడ్లకు డాస్ బట్లర్ ఆ పాత్ర చెప్పి పని ఆగకుండా చూశారు. తరవాత ఒళ్లంతా పట్టీలతో మంచం మీదున్న బ్లాంక్ ముందుకే మైకు తెచ్చి రికార్డు చేశారు. బట్లర్ గురించి ఒక్క మాట. యోగీ బేర్‌కు గొంతిచ్చిన ఆయన తన ఇంటి వెనక గదిలో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పేవారు. అక్కడ నేర్చుకున్న నాన్సీ కార్ట్‌రైట్ తరవాత బార్ట్ సింప్సన్ అయ్యింది. పదేళ్ల మగపిల్లాడి గొంతు ఒక ఆడమనిషి దశాబ్దాలుగా చెబుతోందంటే నాకు ఎంత ధైర్యమో చెప్పలేను. నిజం పిల్లాడిని పెడితే గొంతు విరుగుతుంది. మాకు విరగదు.

అయినా పేరుంటేనే సరిపోదు, కలిసి నిలబడాలి కూడా. ద సింప్సన్స్‌లో ఆరుగురు ప్రధాన గొంతులకు 1998 దాకా ఎపిసోడ్‌కు 30,000 డాలర్లు. పెంచమంటే, మీ బదులు కొత్త గొంతులు తెచ్చుకుంటామని సంస్థ ఎంపికలకు కూడా సిద్ధపడింది. ఆరుగురూ ఒకే మాట మీద ఉన్నారు, పారితోషికం 1,25,000 అయింది. ఆ ఆరుగురి పేర్లూ అప్పటికే జనానికి తెలుసు కాబట్టే ఆ బెదిరింపు పారలేదని నా నమ్మకం. జూన్ ఫోరే చేసింది ఇంకా పెద్ద పని. కార్టూన్ కళాకారులకు ఒక అవార్డు ఉండాలని పట్టుబట్టి 1972లో ఆనీ అవార్డులు మొదలుపెట్టించారు. ఆస్కార్‌లో యానిమేషన్ చిత్రాలకు వేరే విభాగం కోసం ఏళ్ల తరబడి అడిగారు, 2001 చిత్రాలతో అది మొదలైంది. ఆమె చేతికి ఎమ్మీ వచ్చింది 2012లో, తొంభై నాలుగేళ్ల వయసులో.

మన దగ్గరికి వస్తే, డబ్బింగ్ తెలుగు సినిమాకు పాత చుట్టమే. 1950లో శ్రీశ్రీ మాటలూ పాటలూ రాసిన ఆహుతితో హిందీ బొమ్మ తెలుగు మాట్లాడింది. సినిమా గొంతుల్లో సాయికుమార్ గారిని, రోజారమణి గారిని, కమల్ హాసన్‌కు చెప్పిన బాలు గారిని జనం పేరు పెట్టి గుర్తుపట్టారు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు బహుమతులు ఉండేవి. కార్టూన్‌కు ఆ గౌరవం అందలేదు. శాటిలైట్ ఛానెళ్లు, 2009లో వచ్చిన ఖుషీ టీవీ లాంటివి, పిల్లలకు తెలుగు కార్టూన్ రోజంతా ఇచ్చాయి. ఛోటా భీమ్‌ను తీసిన గ్రీన్ గోల్డ్ మన హైదరాబాద్‌దే. పని పెరిగింది. పెద్ద బొమ్మలు వచ్చినప్పుడు మాత్రం మైకు ముందుకు స్టార్లు వచ్చారు. 2019లో ద లయన్ కింగ్‌కు నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ. అదే ఏడాది అలాద్దీన్‌లో జీనీకి వెంకటేశ్. 2024లో ముఫాసాకు మహేశ్‌బాబు. వాళ్లు బాగా చెప్పారు, థియేటర్లో నేనూ చప్పట్లు కొట్టాను. పోస్టర్ మీద మొహంతో పాటు గొంతు పేరు కూడా వెయ్యొచ్చని ఆ పోస్టర్లే రుజువు చేశాయి. ద లయన్ కింగ్‌లో ముఫాసాకు చెప్పిన రవిశంకర్ గారు మా వృత్తిలోంచే వచ్చినవారు. ఆయన పేరు వాళ్ల పక్కన చదువుకున్న రోజు నాకు పండగ.

మామూలు రోజు ఇలా ఉంటుంది. థియేటర్లోకి వెళ్లేముందు గాజులు తీసి సంచిలో వేసుకుంటాను. పట్టుచీర, గరగరలాడే దుపట్టా పనికిరావు. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, కడుపులో గుర్రుమన్నా మైకుకు వినిపిస్తుంది. ఒక చెవిలో అసలు ట్రాకు, ఎదురుగా బొమ్మ, స్టాండు మీద కాగితాలు. ముందు మామూలు మాటలన్నీ చెప్పేస్తాం. అరుపులు, ఏడుపులు, కిందపడటాలు చివరికి ఉంచుకుంటాం. అవి ముందు చేస్తే గొంతు బొంగురుపోయి మిగతా ఎపిసోడ్ చెడిపోతుంది. చెట్టు మీంచి జారి, కొమ్మ పట్టుకుని, పట్టు తప్పి, చెరువులో పడి, నీళ్లు మింగి, పైకి తేలే పిల్లాడికి మాట ఒక్కటీ లేదు. ఆ మొత్తం ఊపిరితోనే చెప్పాలి. నీళ్ల కోసం అరచెయ్యి నోటికడ్డం పెట్టుకుంటాను. "అక్కా, పైకి తేలేటప్పుడు ఊపిరి ఇంకొంచెం ముందే అందుకో" అంటాడు కన్సోల్ దగ్గరి తమ్ముడు. మళ్లీ చెరువులో పడతాను. దీనికి ఎపిసోడ్‌కింత అని ఒకసారి ఇస్తారు. అదే ఎపిసోడ్ ఏళ్ల తరబడి వేసినా మళ్లీ ఏమీ రాదు. చివర పేర్ల కార్డు వచ్చేలోగా ప్రకటన వచ్చేస్తుంది.

పేరు కావాలనడం గొప్ప కోసం కాదు. ఎన్నేళ్లు దున్నినా పట్టా మన పేరున లేని పొలం ఏమవుతుందో పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శకులకు తమ ప్రదర్శన తమదేనని చెప్పుకునే హక్కు ఇచ్చింది. అదే సవరణలో మరో మాట ఉంది. సినిమాలో ఎవరి పనైనా ఏదో కాస్త చేసిపోయినదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేర్లలో ఎక్కడా వెయ్యనిదైతే, ఆ మనిషి చాలా మటుకు ప్రదర్శకుల లెక్కలోకే రారు. అంటే పేరు వెయ్యని ఆనవాయితీయే రేపు మన హక్కుకు అడ్డు నిలవొచ్చు. అమెరికాలో 1988లో గాయని బెట్ మిడ్లర్ తన గొంతును అనుకరించిన కారు ప్రకటన మీద గెలిచింది. కోర్టు కాపాడింది జనమెరిగిన గొంతుని. 2024లో ఏఐతో తన గొంతు తయారుచేయకుండా అరిజిత్ సింగ్‌కు బొంబాయి హైకోర్టు రక్షణ ఇచ్చింది. ఆయన పేరు దేశమంతా తెలుసు. ఏడేళ్ల పిల్లాడిగా తెలుగిళ్లన్నిటిలో వినిపించిన నా గొంతును ఎవరైనా యంత్రంలో పోస్తే, ఇది నాదే అని నేను ఏ కాగితం చూపించాలి?

ఇది రేపటి సంగతి కాదు. అమెరికాలో వీడియో గేములకు గొంతులిచ్చే కళాకారులు 2024 జులై 26న సమ్మెకు దిగారు. ప్రధాన తగువు ఏఐ మీదే. దాదాపు ఏడాది పోరాడాక, గొంతు నకలు చెయ్యాలంటే మనిషి ఒప్పుకోవాలన్న షరతు సాధించుకున్నారు. అంతకు కొంచెం అటూఇటూగా నాకొక కొత్త సీరియల్ వచ్చింది. మంచి పాత్ర, అల్లరి పిల్లాడు, వాయిస్ టెస్టులో ఒక్క టేకుకే ఓకే అన్నారు. ఒప్పంద పత్రం మూడో పేజీలో, ఈ రికార్డింగులను ఏ సాంకేతిక పద్ధతిలోనైనా, ఏ కొత్త రూపంలోనైనా, శాశ్వతంగా వాడుకునే హక్కు తమదేనని ఒక పేరా ఉంది. ఆ పేరా కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, చివరి కార్డులో నా పేరు వెయ్యాలని కింద ఒక వాక్యం రాసి పంపాను. పాత్ర నాకు రాలేదు. ఎవరికి వెళ్లిందో రెండు రోజుల్లో తెలిసింది. నా దగ్గరే ఊపిరి పట్టడం నేర్చుకున్న అమ్మాయి. ఆ పిల్లకు ఫోన్ చేసి మూడో పేజీ తియ్యమన్నాను. ఆమె సంతకం ఇంకా పెట్టలేదు. ఇద్దరం ఆ పేరా గట్టిగా చదువుకున్నాం. "అక్కా, నేనూ కొట్టేస్తున్నాను" అంది. ఆ తరవాత మేమిద్దరం కలిసి ఫోన్లు మొదలుపెట్టాం, పిల్లల గొంతులు చెప్పేవాళ్ల జాబితాలో ఇంకా చాలామందికి చెయ్యాలి.